కదలని మరక

రంగుగుళికల ఆట ఫైనల్ రోజు పొద్దున్న క్యాంటీన్లో ఎవరో సాంబారు ఒలకబోశారు. ఎవరి పని అని ఎవరూ అడగలేదు. బల్లకు పూసిన సాక్షిరంగు రాజాం జట్టు ఆటగాడి పేరు చెప్పేసింది. అతడు లేచి, బల్ల శుభ్రం చేసి, మళ్ళీ వచ్చి తన ఇడ్లీల ముందు కూర్చున్నాడు. పదహారేళ్లుగా లోకం ఇలాగే నడుస్తోంది. ఏ వస్తువును ఎవరు ముట్టుకున్నారో, ఎప్పుడు ముట్టుకున్నారో సాక్షిరంగుకు తెలుసు. దొంగతనాలు పోయాయి, కోర్టులు సగం మూతబడ్డాయి, పప్పులో రెండోసారి ఉప్పేసింది అత్తా కోడలా అన్న తగువు కూడా తీరిపోయింది. ఇంత చక్కని లోకంలో మనుషులు మాత్రం చేతులు దగ్గరపెట్టుకుని, కాస్త బిగుసుకునే తిరిగేవారు.

పార్వతీపురం జట్టు కెప్టెన్ నూకరత్నం తన నలుగురినీ ఒక మూల కూర్చోబెట్టి నిబంధనలు మరోసారి అప్పజెప్పించింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు, పాలకేంద్రంలో వెన్న కొలిచే ఉద్యోగం. ఆ నలుగురిలో చిన్నది పోలేశ్వరి, ఆమె సొంత చెల్లెలు. పందొమ్మిదేళ్ల పిల్ల, పరుగులో అందరినీ మించింది. నిబంధనలు ఆ పిల్లకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. రంగు గుళిక తగిలి పగిలితే చేతులు తల మీద పెట్టుకుని అక్కడే నిలబడాలి. నాలుగు నిమిషాలు కదలకుండా ఉంటే ఆ రంగు గట్టిపడుతుంది. అప్పుడు తీర్పరి యంత్రం దెబ్బను నమోదు చేస్తుంది. దుస్తుల మీది మరకను ఆట అయ్యాక ద్రావకంతో కడుక్కోవచ్చు. ఈలోగా దాన్ని ఎవరు చెరిపినా జట్టు మొత్తం తుడుపరులే.

వెనకటి రోజుల్లో ఈ ఆటకు పట్టిన పెద్ద రోగం తుడుపే. దెబ్బ తిన్నవాడు మోచేత్తో రంగు తుడిచేసుకుని, ఏమీ ఎరగనట్టు ఆడేవాడు. దాన్ని ఆపడానికే సాక్షిరంగును కనిపెట్టారు. తర్వాత అది మైదానం దాటి ఊళ్లలోకి వచ్చింది, తుడుపరి అన్న ముద్రా దాని వెంటే వచ్చింది. ఆ ముద్ర పడినవారిని కొలతల దగ్గరా, మందుల దగ్గరా, పిల్లల దగ్గరా ఉండనివ్వరు. నూకరత్నం జట్టులో ఒకామె మందుల షాపులో పనిచేస్తుంది, ఒకామె అంగన్‌వాడీ టీచరు, ఇంకొకామె రేషన్ తూకం వేస్తుంది. అందరివీ చేతుల మీద నడిచే బతుకులే.

ఆట పదకొండో నిమిషానికి అక్కచెల్లెళ్లిద్దరూ మిగిలారు, అవతల రాజాం ఆటగాడు ఒక్కడు. పోలేశ్వరి గాలి నింపిన దిమ్మ చాటు నుంచి లేచి పరుగెత్తింది. అతడు ఆమెను గుళికతో కొట్టాడు, అతడు బయటపడగానే నూకరత్నం అతడిని కొట్టింది. దెబ్బ తిన్న ఇద్దరూ చేతులు తల మీద పెట్టుకుని నిలబడ్డారు. ఆట దాదాపు గెలిచినట్టే, మరకలు ఆరడమే మిగిలింది.

నూకరత్నం చెల్లెలి దగ్గరకు నడిచి, అప్పుడు చూసింది. గుళిక ఆమె ముఖం మీది ముసుగు అంచున పగిలింది. అంచున ఉండే స్పాంజి ఊడి, నీలిరంగు లోపలికి చిమ్మి, సగం ఎడమ కంట్లో పడింది. పోలేశ్వరి చేతులు దించలేదు. ముసుగు లోపల కన్నీరు ధారగా కారుతూ, రంగును చెంప మీదికి లాక్కొస్తోంది.

నాలుగు నిమిషాలకు రాజాం ఆటగాడి దెబ్బ నమోదైంది. పోలేశ్వరిది కాలేదు.

"మరక కదులుతోంది. తుడుస్తున్నది ఎవరు?" అని తీర్పరి అడిగింది.

అది కన్నీరని, ఎవరూ చెయ్యి వేయలేదని నూకరత్నం గట్టిగా చెప్పింది. యంత్రం కాసేపు వెతుక్కుంది.

"కన్నీరు అనే ఆటగాడు నమోదులో లేడు. అరవై అంకెలు లెక్కపెట్టేలోగా తుడుపు ఆగకపోతే జట్టు ముద్రకు లోబడుతుంది."

గేటు అవతల వైద్యుడు నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. మరక నమోదైతే తప్ప గేటు తెరుచుకోదు. వల వెనక మిగతా ముగ్గురూ ఉన్నారు. వాళ్లు నూకరత్నం చేతుల వంక చూస్తున్నారు. చెల్లెలి తల వెనక ముసుగు కొక్కెం జానెడు దూరంలో ఉంది. విప్పి, వేలితో ఒక్కసారి రంగు తీసేస్తే చాలు. ఆమెకు ఆ క్షణాన దేవుడి మీద, ఆట మీద, అందరికన్నా ఎక్కువగా తన చేతుల మీద అసహ్యం పుట్టింది. అంకెలు నలభై దాటాయి.

"పోలీ, ఏడవకు" అంది. "రెప్ప కొట్టకు. నాలుగు నిమిసాలు ఓర్సుకో."

"మండిపోతందప్పా."

"నాను సెప్తన్నాను కదా. ఏడవకు."

పోలేశ్వరి ఆపేసింది. ఎలా ఆపిందో ఆ పిల్లకే తెలియాలి. పెదవి కొరుక్కుని, కన్ను పెద్దదిగా తెరిచి, ఎండలోకి చూస్తూ నిలబడింది. నూకరత్నం ఆ నాలుగు నిమిషాలూ ఆమె ఎదుటే నిలబడి చూసింది. అంతకు మించి ఆమె చేయగలిగింది లేదు, లేదా లేదని అనుకుంది. నీలిరంగు మెల్లగా మెరుపు తగ్గి, గాజుపెంకులా బిగిసింది.

"మరక స్థిరం. తుడుపు లేదు. పార్వతీపురం జట్టు గెలిచింది" అని యంత్రం ప్రకటించింది.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ నూకరత్నాన్ని పక్కకు పిలిచి చెప్పింది. బట్ట మీది రంగును కరిగించే ద్రావకాన్ని కన్ను తట్టుకోదు, ఇక ఆ కంటికి చూపు లేదు. నీరు కారుతూనే ఉంటే పది నిమిషాల్లో రంగు దానంతటదే కొట్టుకుపోయేదట, రెండు రోజులు ఎర్రగా ఉండి తగ్గిపోయేదట. కంట్లో నిప్పు పడినట్టుంటే ఏ మనిషీ ఏడుపు ఆపుకోలేడే, ఈ పిల్ల ఎలా ఆపుకుందని ఆమె ఆశ్చర్యపోయింది. నేనే ఆపమన్నానని నూకరత్నం చెప్పింది.

వార్డులో పోలేశ్వరి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. రెండో కంటి నుంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. నూకరత్నం పక్కన కూర్చుని, చొక్కా చేతిని వేళ్ల మీదికి లాక్కుని, చెల్లెలి చెంప వైపు చెయ్యి చాపింది.

పోలేశ్వరి మెల్లగా ముఖం పక్కకు తిప్పుకుంది. కోపమేమీ లేదు.

"ఒద్దప్పా" అంది. "నాను తుడుసుకుంటాను."