నలభై ఒక్క ప్లేట్లు

"ఒక్క ప్లేటు కరిగించడానికి ఇంత బెట్టు దేనికండీ?" అంది ఒరతై, వచ్చిన మొదటిరోజే.

థాయ్‌లాండ్‌లో మా రయోంగ్ ఊరి వానలో సగం తడిసి వచ్చింది. చేతిరుమాల్లో జానెడు టైటానియం ప్లేటు. ఆమె భర్త మోటార్‌సైకిల్ మీద నుంచి పడి కాలు విరిగినప్పుడు డాక్టర్లు లోపల వేసినది. రెండేళ్ల తర్వాత ఆయన జ్వరంతో పోయాడు. మాకు దహనాలు బౌద్ధ గుళ్లలోనే; మర్నాడు అక్కడ ఎముకలు ఏరుతుంటే బూడిదలో ఇది దొరికింది. దీన్ని పొడి చేసి, ఆ పొడితో ఒక ఉంగరం ప్రింట్ చేసివ్వాలట.

మా పని అదే. గుళ్లలో మిగిలిపోయిన ఇలాంటి లోహాన్ని తెచ్చి, కరిగించి, త్రీడీ ప్రింటర్లకు పొడి చేస్తాం. గనిలోంచి కొత్తగా తవ్వే పని ఉండదు.

"ఇరవై కిలోలు లేనిదే మా కొలిమి నోరు తెరవదు. మిగతావాళ్లవాటితో కలిపేస్తే సరే" అన్నాను.

"మా ఆయన్ని ఊళ్లోవాళ్లతో కలుపుతారా? బతికున్నప్పుడే ఎవరితోనూ కలిసేవాడు కాదు!"

నవ్వు ఆపుకోలేకపోయాను. తనూ నవ్వి, వెంటనే ఏడ్చేసింది.

ఒక్క ప్లేటు కరిగించే చిన్న కొలిమి ఎక్కడైనా ఉందేమో వెతుకుతానన్నాను. అది దొరికేదాకా ప్లేటు నా దగ్గరే ఉంచమంది. ప్రతి శుక్రవారం మంగుస్తాన్ పళ్లు పట్టుకొచ్చి, "ఫీ వుత్, దొరికిందా?" అనేది. వయసులో పెద్దవాణ్ణని, నా పేరు ముందు మర్యాదకి ఆ 'ఫీ'. "ఇంకా లేదు" అనేవాణ్ణి. నిజానికి వెతకడం ఎప్పుడో మానేశాను.

ఒక గురువారం, మసి వదిలి మెరిస్తే సంతోషిస్తుందని, దాన్ని గుడి సరుకుతో పాటు ఆమ్లం తొట్టిలో వేశాను. చీటీ కట్టి ఉందిగా అని ధీమా. అది కాగితం చీటీ! పదకొండేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో. తీసేసరికి నలభై ఒక్క ప్లేట్లు, అన్నీ ఒకేలా తళతళలాడుతున్నాయి.

ఏదో ఒకటి ఇస్తే ఆమెకు తెలిసేది కాదు. ఒకటి ఏరి రుమాల్లో చుట్టాను కూడా. మర్నాడు ఆమె మంగుస్తాన్ ఒలిచి నా చేతిలో పెట్టింది. ఇక అబద్ధం నోట రాలేదు. జరిగింది చెప్పాను. వెతకడం మానేసిన సంగతీ చెప్పాను.

"ఎందుకు మానేశారు?"

"దొరికితే మీరు రావడం మానేస్తారని."

ఆమె నలభై ఒక్కటీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే తీసి వేళ్లతో తడిమింది.

"రెండేళ్లు ఆ కాలికి నూనె రాశాను ఫీ. చర్మం కింద ఇది వేళ్లకు తగిలేది. ఇప్పుడు గుర్తుపట్టలేకపోతున్నాను."

చివరికి అన్నిటికీ కలిపి చేతులు జోడించింది.

"కొలిమిలో వేసేయండి. అన్నీ."

మిగతా గుడి సరుకుతో కలిపి కరిగించిన ఆ పొడితో, తొడుక్కునే కృత్రిమ కాళ్లకు చీలమండ కీళ్లు ప్రింటయ్యాయి. ఆ కబురు పంపినా మూడు నెలలు ఆమె రాలేదు. వానలు వెనకబట్టాక ఒక శుక్రవారం ఉత్తచేతులతో గుమ్మంలో నిలబడింది.

"మొదటి కీలు ఎవరికి వెళ్లింది?"

"ఒక జాలరికి."

"నడుస్తున్నాడా?"

"పడవ దాకా తనే నడిచి వెళ్తున్నాడట."

గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. నేను దగ్గరకు వెళ్లలేదు. నాకా హక్కు లేదు.

కళ్లు తుడుచుకుని వెళ్లబోతూ ఆగింది. "ఇక్కడ నాదంటూ ఇంకేం మిగల్లేదు కదా ఫీ?"

"లేదు."

"అయినా వచ్చే శుక్రవారం వస్తాను. మంగుస్తాన్‌ల కాలం అయిపోయింది. ఈసారి తినడానికి ఏదైనా మీరే తెచ్చిపెట్టండి."