మిగిలిన అక్షరం

సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు వరంగల్ కొత్తవాడలో మగ్గాల మోతలో కలిసిపోయింది. జంపఖానాలు నేసేవాడి వేషంలో నెలల తరబడి నిఘా వేసిన ఏజెంట్ మొండయ్య మగ్గం మీదికే ఒరిగిపోయాడు. సహచరుడు మల్లికార్జున్ పరుగున వచ్చేసరికి కాల్చినవాళ్ళ జాడ లేదు.

"ఎవరు కొట్టిండ్రన్నా?"

మొండయ్య పెదవులు కదిలాయి. "పజిల్ల... మిగిలింది సూడు తమ్మీ..."

అంతే. మల్లికార్జున్ ఒళ్ళో తల వాలిపోయింది.

అది 1971 డిసెంబరు. సరిహద్దుల్లో యుద్ధం. మందుగుండు మోసుకెళ్ళే స్పెషల్ రైలు ఆ మధ్యాహ్నమే వరంగల్ దాటుతుంది. దాన్ని పేల్చడానికి శత్రుదేశపు ముఠా ఒకటి జిల్లాలో దిగింది. ఎక్కడ పేలుస్తారో కనిపెట్టడమే వాళ్ళిద్దరి మిషన్.

హనుమకొండలో బట్టల దుకాణం పైగదిలో చీఫ్ కిషన్ రావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఆయన పక్కన శకుంతల కూర్చుంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. ఊరి దినపత్రికలో రోజూ అక్షరాల పజిల్ కట్టడం ఆమె కవర్. అసలు పని, ముఠాలో చేరి వాళ్ళ కబుర్లు డిపార్ట్‌మెంటుకు చేరవెయ్యడం.

"బాంబు వర్ధన్నపేటలో, పత్తి గోదాములో ఉంది. ఇంకా కదల్లేదు" అంది ఆమె.

"మొండయ్య పజిల్ అన్నడు సార్" అన్నాడు మల్లికార్జున్.

"చావుబతుకుల్లో ఏదో అని ఉంటాడు. ముందు ఆ చొక్కా మార్చుకో, రక్తం" అన్నాడు చీఫ్.

మల్లికార్జున్ చొక్కా మార్చలేదు. అలాగే జీపెక్కాడు.

వర్ధన్నపేట గోదాములో ఎలకలు తప్ప ఏమీ లేవు. తలుపును ఒక్క తన్ను తన్ని బయటికొచ్చాడు. ఎదురుగా చాయ్ హోటల్లో పొట్లాలకు పెట్టుకున్న పాత పేపర్లు కనిపించాయి. ఆ వారానివన్నీ, ఆ రోజుదీ లాక్కుని బల్ల మీద పరిచాడు.

మొండయ్యకు ఆ పజిల్ అంటే పిచ్చి. రోజూ చాయ్ తాగుతూ చెప్పేవాడు: "సున్న ఉన్న అక్షరం దొరికిందనుకో, ముందుగాల దాన్ని ఆఖర్న పెట్టి సూడు. జంట కుదిరేటియి పక్కపక్కన పెట్టు. యాడ పెట్టినా ఇమడంది దొంగక్షరం, దాన్ని కొట్టెయ్." గళ్ళు నాలుగు, అక్షరాలు ఐదు. ఒకటి తికమక పెట్టడానికే. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సోమవారం: యా, డో, గ, రం, డి. 'రం' చివర పెట్టాడు. గడియారం. మిగిలింది 'డో'.

మంగళవారం పూలదండ. మిగిలింది 'ర్న'. ఏ పదంలో ఇముడుతుందది? బుధవారం చలికాలం, 'క' మిగిలింది. గురువారం పాలపిట్ట, 'ల్'.

డోర్నకల్! రైల్వే జంక్షన్.

ఇవాళ్టి పజిల్‌లో మాత్రం నాలుగే అక్షరాలు: కి, నీ, టాం, ళ్ళ. ఏదీ మిగల్లేదు. జవాబే కబురు. నీళ్ళటాంకి. ఇంజన్లు నీళ్ళు పట్టుకోవడానికి ఆగేచోటు.

పజిల్ కట్టింది శకుంతల. ముఠాకు కబురుగా ఈ దొంగక్షరాలను ఏరి పెట్టిందీ, వాటిని చదివిన మొండయ్యను చంపించిందీ ఆమే.

వైర్‌లెస్ తీశాడు. "సార్, శకుంతల డబుల్ ఏజెంట్. బాంబు డోర్నకల్ల ఉంది!"

"పేపర్లో పజిల్ చూసి చెబుతున్నావా? నీకేమైనా మతి పోయిందా? వెంటనే వెనక్కి రా. ఇట్ ఈజ్ యాన్ ఆర్డర్!"

"మనిషి సచ్చిపోయిండు సార్! మీకు ఆర్డర్ల ఫికరేనా?"

వైర్‌లెస్‌ను నేలకేసి కొట్టి, జీపును డోర్నకల్ వైపు ఉరికించాడు.

జంక్షన్‌లో రైలు అప్పటికే ఆగి ఉంది. ఇంజన్ నీళ్ళు పట్టుకుంటోంది. అది ఇంకాస్త ముందుకు జరిగితే మందుగుండు వ్యాగన్లు టాంకి పక్కకు వస్తాయి. దూరంగా వంతెన మెట్ల మీద నీలం చీర. ఆమె చేతిలోని పౌడర్ డబ్బాలోంచి సన్నటి ఏరియల్ పైకి లేచింది.

అక్కడి రైల్వే ఫిట్టర్ దగ్గర తీసుకున్న నీలి కోటు తొడుక్కుని, భుజాన స్పానర్‌తో మల్లికార్జున్ మెట్లెక్కాడు.

"జర పక్కకు జరుగమ్మా, బోల్టు బిగించాలె."

అతని కోటు కాలర్ కింద రక్తాన్ని ఆమె చూసింది. "మల్లికార్జున్!"

"మొండయ్యన్నను ఎందుకు సంపించినవ్?"

"పజిల్‌కి జవాబు రాసి ఊరుకోవాలి. మిగిలిన అక్షరాలతో ఆయనకేం పని?" అని నవ్వింది.

కింద ఇంజన్ కూత వేసింది. వ్యాగన్లు టాంకి పక్కకు వచ్చేశాయి. ఆమె బొటనవేలు బటన్ మీద ఆనింది.

స్పానర్ ఆమె మణికట్టును తాకింది. డబ్బా మెట్ల మీద పడింది. మల్లికార్జున్ బూటు కింద ఏరియల్ పుటుక్కున విరిగింది.

పిస్టల్ ఆమె నుదుటికి ఆనించాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది. చాలాసేపటికి వదులైంది.

"గింత అల్కగ పోనియ్య నిన్ను. కోర్టుల మొండయ్య పేరు నీ నోటితోని చెప్పాలె."

రైల్వే పోలీసులు ఆమెకు బేడీలు వేశారు. టాంకి దిమ్మె కింద దొరికిన జెలటిన్ మూటను ఇసుక బకెట్లలో పెట్టి దూరంగా మోసుకెళ్ళారు. మల్లికార్జున్ మెట్ల మీదే కూలబడ్డాడు. అప్పుడు ఒగరుస్తూ వచ్చాడు స్టేషన్ మాస్టర్.

"మిలిటరీ స్పెషల్ లేటైంది సార్! పైకి కారణం చెప్పాలె. ఏమని చెప్పమంటరు?"

మల్లికార్జున్ ఎర్రబడ్డ కళ్ళెత్తి చూశాడు.

"ఇంజన్‌కు ఇయ్యాల జర దూప ఎక్కువై, ఇంకిన్ని నీళ్ళు తాగిందని చెప్పు."