మిషన్ గుంతలో పడవల పందెం

గోపాల్‌పేట నుంచి వనపర్తికి వచ్చే దారిలో మిషన్ గుంత అని ఒకటుంది. పేరు విని అక్కడేదో యంత్రం ఉంటుందనుకోకండి. ఒకప్పుడు కంకర మిషన్ పెట్టి రాయి కొట్టారు. రాయి అయిపోయింది, మిషన్ పోయింది, గుంత మిగిలింది. వానలకు నీళ్లు నిండాయి. లోతెంతో కొలిచినవాళ్లు లేరు.

పగలు అక్కడ గొర్లకు నీళ్లు తాపుతారు. పొద్దుగూకితే మాత్రం మంచి మంచి మొనగాళ్లు కూడా సైకిలు బెల్లు కొట్టుకుంటూ గబగబా దాటుకుంటారు. ఎందుకంటే... అవతలి మూలన ఏనుగంత బండ ఒకటుంది. దాని వెనక నుంచి చిన్న మోటారు తిరిగినట్టు చప్పుడొస్తుందట. బుర్రుమని వచ్చి, ఆగి, మళ్లీ బుర్రుమంటుందట. నేనైతే వినలేదు. విన్నామని చెప్పినవాళ్లను పది మందిని చూశాను. అందులో ఇద్దరు అబద్ధమాడే మనుషులు కారు.

ఆ చప్పుడు ఇస్రాయేలు పడవదని అంటారు.

ఇస్రాయేలు బోరు మోటార్లకు తీగ చుట్టేవాడు. వనపర్తిలో టీవీలు బాగుచేసే కురుమయ్యకు దోస్తు. ఇద్దరికీ ఒకటే పిచ్చి — రిమోటు పడవలు. ప్లైవుడ్డూ థర్మాకోలూ కోసి, పాత డ్రిల్లు మిషన్ల మోటార్లు బిగించి, మూరెడు పొడుగు పడవలు చేసేవాళ్లు. ఇంకో నలుగురైదుగురిని పోగేసి, ఎండాకాలంలో ఈ గుంతలో పందెం పెట్టేవాళ్లు. పగలు ఎవరి పనులు వాళ్లకుంటాయి కాబట్టి పందెం రాత్రిపూటే. టెంటుహౌసు దినేష్ జనరేటరు, ఫోకస్ లైట్లు, మైకు తెచ్చేవాడు. పడవల నెత్తిన చిన్న బల్బులు వెలిగేవి. చుట్టుపక్కల జనం గట్టు మీద చాపలేసుకుని కూర్చునేవాళ్లు.

ఈ ఆటకు ఒక కట్టుబాటుంది. ప్రతి రిమోటులో, దాని పడవలో క్రిస్టల్ అని ఒకే రంగు వేలిగోరంత ముక్క ఉంటుంది. ఒకే రంగు క్రిస్టల్ ఉన్న రిమోట్లు రెండు ఒకేసారి నడిస్తే, ఎవరి మాట వినాలో తెలియక పడవ పిచ్చిదవుతుంది. అందుకని గట్టు మీద తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులు ఆరు రంగులవి దానికి తగిలించేవాళ్లు. నీ రంగు క్లిప్పు తీసి అంగీకి పెట్టుకున్నాకే నీ రిమోటు ఆన్ చేయాలి. క్లిప్పు లేకుండా ఆన్ చేసినవాణ్ణి దొంగ కంటే హీనంగా చూసేవాళ్లు.

ఆ కట్టుబాటు పెట్టింది కురుమయ్యే. తప్పిందీ కురుమయ్యే.

రెండువేల ఏడులో, పసుపు క్లిప్పు పెట్టుకున్న ఇస్రాయేలు ఆఖరి చుట్టులో ముందున్నాడు. కురుమయ్య పడవ అప్పటికే ఓడిపోయి గట్టు మీదికి చేరింది. లైట్లు పడని చోట డబ్బా మీద కూర్చున్న కురుమయ్యకు కడుపు మండింది. పని నేర్పింది తను, మూడేళ్ల నుంచి గెలిచేది వాడు. జేబులో ఉన్న పసుపు క్రిస్టల్ తన రిమోటులో పెట్టి, ఒక్కసారి... ఒకే ఒక్కసారి దాని మీది పుల్లను పక్కకు నెట్టాడు. ఇస్రాయేలు పడవ గిర్రున తిరిగిపోయి బండ వెనక ఇరుక్కుంది. కురుమయ్య లోలోపల నవ్వుకుని రిమోటు ఆపేశాడు.

పడవ తేవడానికి ఇస్రాయేలు నీళ్లలోకి దిగాడు. ఈత వచ్చినవాడే. తెల్లారేసరికి తాళ్లేసి తీశారు.

పోలీసులు అడిగితే కురుమయ్య నోటికొచ్చిన మాట, "జర తాగినట్టుండె సార్." ఎందుకన్నాడంటే భయంతో అన్నాడు, అంతే. కానీ ఇస్రాయేలు బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. భార్య ఎస్తేరమ్మకు మాటిచ్చి, ఆ ఆరేళ్లలో చుక్క ముట్టలేదు. ఇప్పుడు ఊరంతా ఆయన మాట తప్పి చచ్చాడని అనుకుంది. ఎస్తేరమ్మ కూడా నమ్మింది — చెప్పింది ప్రాణస్నేహితుడు మరి. పెట్టెలో మొగుడి ఛాతీ మీద పడవను పెడుతూ ఆమె ఒకటే మాట అంది. "నాకు గూడ అబద్ధం చెప్తివా."

పక్కనే నిలబడ్డ కురుమయ్యకు ఆ మాట చెవిలో పడింది. ఆ రోజు నుంచి ఆయన అన్నం ముందు కూర్చున్నా అదే వినిపించేది.

మరుసటేడు ఎండాకాలం కురుమయ్య దుకాణానికి దినేష్ వచ్చాడు.

"అన్నా, ఇస్రాయేలన్న పేరు మీద పందెం పెడుతున్నం. నువ్వు లేకపోతే బాగుండదు."

"నాకు పానం బాగలేదురా."

"ఏందన్నా, దయ్యానికి భయపడుతున్నవా?" అని దినేష్ నవ్వాడు.

కురుమయ్య కూడా నవ్వాడు. రానంటే ఎందుకు రావని అడుగుతారు. ఒకటికి పది ప్రశ్నలు పుడతాయి. చేసేది లేక పడవ సంచిలో వేసుకుని పోయాడు.

తాడు దగ్గరికి వెళ్లేసరికి ఐదు క్లిప్పులు ఐదుగురి అంగీలకున్నాయి. ఒక్కటే వేలాడుతోంది... పసుపుది.

"అదే మిగిలిందన్నా. నీ కాడ అన్ని రంగుల క్రిస్టల్లు ఉంటయి గద, మార్చుకో," అన్నాడు దినేష్.

కురుమయ్య చేయి క్లిప్పు దాకా వెళ్లి ఆగింది. వెనక అంతా చూస్తున్నారు. తీసి అంగీకి పెట్టుకున్నాడు. పడవలో, రిమోటులో పసుపు ముక్కలు బిగించాడు.

పందెం మొదలైంది. జనరేటరు చప్పుడు, మైకులో దినేష్ వాగుడు, నీళ్ల మీద ఆరు బల్బులు. రెండు చుట్లు బాగానే నడిచాయి. కురుమయ్యకు కొంచెం ధైర్యం వచ్చింది.

మూడో చుట్టులో పడవ తడబడింది.

పుల్ల ఎడమకు నెడితే కుడికి పోయింది. కుడికి నెడితే ఆగింది. మళ్లీ ఉరికింది. మిగతా ఐదు పడవలూ మలుపు తిరిగి వెళ్లిపోయాయి. ఇది మాత్రం వరుస విడిచి... అవతలి మూలకు తిరిగింది.

"కురుమయ్యన్న పడవకు తొవ్వ తెల్వదు," అని మైకులో దినేష్ అన్నాడు. జనం నవ్వారు.

ఇంకో రిమోటు నడుస్తోందని కురుమయ్యకు వెంటనే అర్థమైంది. ఏడాది కింద తను చేసిన పనే కదా. కానీ పసుపు క్లిప్పు తన అంగీకే ఉంది. పసుపు ముక్క ఉన్న రిమోటు ఈ చుట్టుపక్కల ఇంకొక్కటే. అది పడవతో పాటు పెట్టెలో పెట్టి మట్టి చేశారని అందరూ అనుకున్నదే...

రిమోటు ఆపి చూద్దామనుకున్నాడు. ఆపితే పడవ ఆగిపోవాలి.

ఆపాడు.

పడవ ఆగలేదు. సరికదా, తడబాటంతా పోయి, చక్కగా, నిదానంగా, ఎవరో చేయి పట్టి నడిపిస్తున్నట్టు బండ వైపు సాగింది. కురుమయ్య రిమోటు వెనక మూత తీసి సెల్లులు అరచేతిలో పోసుకున్నాడు. అయినా పోతూనే ఉంది. బల్బు బండ చాటుకు వెళ్లి కనిపించకుండా పోయింది.

పారిపోవాలనిపించింది. కాళ్లు మాత్రం గట్టు వెంబడి అటే నడిచాయి. లైట్లు వెనకబడ్డాయి. మైకు మాటలు సన్నబడ్డాయి. బండ దగ్గర చీకటి... నీటి వాసన. ఆ చీకట్లో పడవ ఒక్కటే, చిన్న బల్బుతో, ఒడ్డుకు రెండు బారల దూరంలో గుండ్రంగా తిరుగుతోంది.

బుర్రుమంది. ఆగింది. మళ్లీ బుర్రుమంది.

కురుమయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు.

"ఇస్రాయేలూ... నేనేరా. నేనే ఆన్ చేసిన. క్లిప్పు లేకుండ... చీకట్ల కూసోని, నీ పడవను నేనే తిప్పిన. గెలవొద్దని తిప్పిన గని, నువ్వు నీళ్లల్ల దిగుతవనుకోలేదురా. నువ్వు తాగలేదు. నాకు తెల్సు తాగలేదని. పోలీసోళ్లకు భయపడి అన్న. నన్ను ఇడిసిపెట్టు..."

పడవ ఆగిపోయింది. ఈసారి మళ్లీ కదల్లేదు.

బండ అవతల ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడైంది. చీర కుచ్చిళ్లు రాయికి రాసుకున్నాయి.

"తాగలేదా, అన్నా?"

ఆడగొంతు. కురుమయ్య తలెత్తాడు. బండ పక్కన నిలబడ్డది దయ్యం కాదు... ఎస్తేరమ్మ. చేతిలో ఇస్రాయేలు రిమోటు.

ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "ఇది మీకే ఇచ్చేద్దామని తెచ్చిన. ఇంట్ల ఉంటే చూడలేకపోతున్న. అటు నుంచి వస్తే తాగుబోతు పెండ్లామని గుసగుసలు పెడ్తరని, చెల్క గట్టు మీంచి ఇట్ల వచ్చిన. పని చేస్తదో లేదో అని సెల్లులేసి పుల్ల కదిపిన. ఏదో పడవ నా దిక్కు వచ్చింది. నాకేం తెల్సు క్లిప్పుల సంగతి... ఆయనే తోలుతున్నడనుకున్న, అన్నా. జర సేపు సంబురమైంది."

కురుమయ్య ఆమె కాళ్ల వైపు వంగబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"అది తర్వాత. నేనడిగింది చెప్పు. తాగలేదా?"

"లేదు, చెల్లె."

"చుక్క గూడ?"

"చుక్క గూడ ముట్టలేదు."

ఎస్తేరమ్మ బండను ఆనుకుని కూర్చుని ఏడ్చింది. మొగుడు పోయిననాడు కోపంతో ఆగిపోయిన ఏడుపంతా ఇప్పుడొచ్చింది. ఏడాది పాటు సమాధి దగ్గరికి కూడా పోలేదామె. కురుమయ్య పక్కనే నిలబడి, ఏం చేయాలో తెలియక, చేతిలోని సెల్లులను గట్టిగా పట్టుకున్నాడు. దయ్యమే వచ్చి పీక పట్టుకున్నా ఇంతకంటే నయమనిపించింది ఆయనకు.

కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె లేచింది.

"పా."

"యాడికి?"

"మైకు కాడికి. నా ఒక్కదాని చెవుల చెప్తే ఏమొస్తది? ఆళ్లందరు ఇన్నరు గద, తాగిండని."

కురుమయ్య ముందు నడిచాడు, ఆమె నాలుగడుగుల వెనక. లైట్ల వెలుగులోకి వచ్చేసరికి జనం ఒక్కొక్కరే మాటలాపారు. ఎస్తేరమ్మ చేతిలోని రిమోటును చూసి ముసలివాళ్లిద్దరు లేచి నిలబడ్డారు. కురుమయ్య దినేష్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అది కీచుమంది.

"ఇస్రాయేలు తాగలేదు," అన్నాడు.

కురుమయ్య అక్కడితో ఆపి తల వంచుకున్నాడు. అన్నకు మళ్లీ పానం బాగలేదనుకుని దినేష్ మైకు కోసం చేయి చాపాడు.

"ఉండు బిడ్డా," అంది ఎస్తేరమ్మ. "ఇంకా ఉంది. చెప్పనియ్యి."