మొండి తాడి

...అయినా చెట్టును చెట్టుగా చూడటం తప్పెలా అవుతుంది? పదకొండు రోజులు చూశాడు. ఉదయం గ్యాలరీ తలుపులు తెరిచినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా ఆ ఆరు పటాల ముందే తిరిగాడు. సుత్తి పిడిలో దాచిన అల్ట్రావయొలెట్ టార్చితో అంగుళం అంగుళం వెతికాడు. రహస్య సిరా లేదు. చుక్కంత ఫోటోలో రాత దాచే మైక్రోడాట్ లేదు. ఫ్రేముల వెనక చెక్క తొలిచిన గుర్తు లేదు. ఉన్నవల్లా ఇసక, నీళ్ళు, తాడిచెట్లు, వాటి వెనక మిల్లు పొగగొట్టం. వరి పొలాల్లో పుట్టి పెరిగినవాడికి తాడిచెట్టు తాడిచెట్టే. దాని నీడ ఎంతసేపు ఎటు పడుతుందో తెలుసు. గాలికి దాని మట్టలు చేసే చప్పుడు తెలుసు. అంతకు మించి దానిలో చదవడానికేముంటుంది?

పద్మనాభయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఐదో పెట్టెకు ఆఖరి మేకు కొట్టాడు. గోడ గడియారంలో మూడున్నర. నాలుగింటికి వ్యాను వస్తుంది. ఆరు పటాలూ మద్రాసు హార్బరుకు, అక్కడినుంచి ఓడ మీద దేశం దాటి పోతాయి. ఆయన చెయ్యగలిగింది మేకులు కొట్టడమే.

డిపార్టుమెంటులో ఆయన ఏజెంట్ పదిహేడు. ఇక్కడ మస్తాన్ మేస్త్రి. గళ్ళ లుంగీ, ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు. పటాలకు ఫ్రేములు బిగించి, పేర్ల అట్టలు అంటించే పని. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన వేసిన వేషాలన్నీ ఇలాంటివే. బంట్రోతు, వంటవాడు, గేటు దగ్గర టిక్కెట్లు చించేవాడు. వేషం తీసేశాక కూడా లోపల ఇంకెవరైనా ఉన్నారా అని ఈ మధ్య ఆయనకు సందేహం కలుగుతున్నది.

అది ముత్తుకూరుకు నాలుగు మైళ్ళ దూరంలో, బకింగ్‌హాం కాలవ ఒడ్డున ఉన్న పాత రైసుమిల్లు. దాని ఆసామి హజరత్తయ్య మిల్లు మూసేశాక, మద్రాసు నుంచి వచ్చిన ఒక కళాసంఘానికి దాన్ని అప్పగించాడు. బియ్యం గోడౌను పటాల హాలయింది. బాయిలరు గదిలో శిల్పాలు పెట్టారు. వడ్లు ఉడికించిన తొట్లను బోర్లించి, మీద బల్లలు వేసి కాఫీ ఇస్తున్నారు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడల్లోంచి తవుడు వాసన వస్తూనే ఉంది. హజరత్తయ్య రోజూ మధ్యాహ్నం తెల్లపంచెతో వచ్చి, తన గోడౌనులో జనం చేతులు కట్టుకుని గోడల వంక చూడటం చూసి పోయేవాడు. ఆయనకు అది అర్థం కాలేదు. "ఈ అమ్మి బ్రష్షుతో ఏసినట్టు లేదబ్బా, బొటనేలితో పూసినట్టుండాది," అని ఒకరోజు మేస్త్రితో గుసగుసగా అన్నాడు.

ఆ అమ్మి ఎలిశబెతు. బిట్రగుంట రైల్వే కాలనీలో గార్డు కూతురు. మద్రాసులో చిత్రకళ నేర్చి, పారిస్ చూసి వచ్చింది. నల్లద్దాలు, చేతుల్లేని జాకెట్టు, వేళ్ళ మధ్య ఎప్పుడూ ఒక సిగరెట్టు. ఆవిడ డిపార్టుమెంటు మనిషి. అవతలి ముఠాకు కూడా మనిషే. ఫైలులో ఆవిడ పేరు కింద చీఫ్ కామాక్షయ్య ఎర్రసిరాతో రాసిన మాట ఒక్కటే: 'సగం నమ్ము.' ఏ సగమో రాయలేదు.

మద్రాసు ఆఫీసులో బ్రీఫింగు ఐదు నిమిషాల్లో ముగిసింది. మార్చి అమావాస్యకు ఒక మోటారు లాంచి ఈ తీరంలో దిగబోతున్నది. దానిలో పేలుడు మందు, వైర్‌లెస్ సెట్లు, నలుగురు మనుషులు. సముద్రం నుంచి ఏటిలోకి వచ్చే మొగ దగ్గర ఇసకమేట ప్రతి వానాకాలం చోటు మారుతుంది కాబట్టి ఏ మ్యాపూ పనికిరాదు. దోవ ఎవరో పంపిస్తున్నారు. ఈ ఎగ్జిబిషన్ ద్వారానే పంపిస్తున్నారు. ఎలాగో కనిపెట్టాలి.

"కనిపెట్టి?" అన్నాడు పద్మనాభయ్య.

"నాకు చెప్పు. నువ్వు మాత్రం కదలొద్దు," అన్నాడు చీఫ్.

కదలొద్దు. ఆ మాట వినగానే ఆయనకు తోటి ఏజెంటు ముత్యాలయ్య జ్ఞాపకం వచ్చాడు. రెండేళ్ళ కిందట ఎగ్మూరు స్టేషనులో, పట్టపగలు, ముత్యాలయ్య బెంచీ మీద కూర్చుని కమలాపండు వలుచుకుంటున్నాడు. గొడుగు పట్టుకున్న మనిషి వెనకనుంచి వస్తున్నాడు. పది గజాల దూరంలో పద్మనాభయ్య పేపరు చాటున ఉన్నాడు. వేషం బయటపడకూడదని ఆర్డరు. పన్నెండు అడుగులు ఉన్నాయి, లెక్కపెట్టాడు. పిలిస్తే చాలు. నోరు తెరుచుకోలేదు. ముత్యాలయ్య సగం వలిచిన పండుతో బెంచీ మీదే ప్రాణం విడిచాడు. విచారణలో ఆయన చేసింది సరైనదేనని రాశారు. ఆ కాగితం చదివినప్పటి నుంచి కమలాపండు వాసన ఆయనకు పడదు.

ఈ ఉదయం పేరమ్మ వచ్చింది.

ఆమె పల్లెకారామె. రోజూ క్యాంటీనుకు చేపలు ఇచ్చి పోయేది. ఆఖరి రోజు గదా, బొమ్మలు చూసి పోతానని గంప గడప బయట దించి లోపలికి వచ్చింది. మొదటి ఐదు పటాలూ నడుస్తూ చూసింది. ఆరోదాని ముందు ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్నదేమో అనుకున్నాడు.

"అన్నా, ఇది ఎవురు చెప్పినారు ఈమెకి?" అన్నది.

"ఏం చెప్పడం అక్కా? చెట్లు గదా."

"నీకు చెట్లే. ఒడ్డునుండి చూస్తే ఈ గొట్టం చెట్లకి ఇవతల గదా కనపడేది? ఇది పడవలో కూసోని ఏసింది." ఆమె గొంతు తగ్గించింది. "ఈ జంట తాడిచెట్లు చూడు. ఒకటి పిడుగు పడి మొండిది. ఒకటి తలుండేది. మొండి తాడి మీదికి గొట్టం సరిగ్గా వచ్చిందంటే అదీ మొగలోకి దోవ. తలతాడి మీదికి వచ్చిందా, ఇసక మీద కూసున్నట్టే. తెల్లారి మావోళ్ళు పోయి ఈడ్చేదాకా పడవ కదల్దు."

తరవాతి సంగతి ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళలో ఈ గురుతులు తండ్రి కొడుక్కి చెప్పాలి. నీళ్ళ మీదే చెప్పాలి, నేల మీద నోరు విప్పకూడదు. అల్లుడికి కూడా చెప్పరు. పేరమ్మకూ ఆమె మొగుడు పోలేరయ్యకూ కొడుకుల్లేరు. ఈ దొరసాని పన్నెండు రోజులు పోలేరయ్య పడవలో కూర్చుని బొమ్మలు గీసుకుంది. వాంతి చేసుకోలేదు. ఎండకు ముసుగు వేసుకోలేదు. నాయనా అని పిలిచింది. ముసలివాడు నీళ్ళ మీదే చెప్పాడు. నియమం తప్పలేదు. చెప్పకుండా పోతే తనతోపాటు ఆ దోవ కూడా పోతుందని ఆయన దిగులు.

"నన్నే నలభయ్యేళ్ళు ఎక్కించుకోలేదు పడవ," అన్నది పేరమ్మ. "నాకు తెలుసనే ఆయనకి తెలీదు. గంపెత్తుకోని ఒడ్డున నిలబడేదానికి కండ్లుండవా?"

పద్మనాభయ్య సైకిలు మీద ముత్తుకూరు పోస్టాఫీసుకు పోయి అర్జెంటు టెలిగ్రాం ఇచ్చాడు. కోడు ఈ మిల్లులోంచి తీసిందే. అనుమానానికి వడ్లు, రుజువుకు బియ్యం, అరెస్టుకు మూట. రుజువు దొరికింది, ఆరో పటంలో రెండు తాడిచెట్లు, మూట కట్టమంటారా అని అడిగాడు. ఒకటిన్నరకు జవాబు వచ్చింది. 'చెట్లు బియ్యం కావు. మూట వద్దు. కొన్నవారు దౌత్యోద్యోగి. కదలవద్దు.'

అంటే అమావాస్యకు మొగ దగ్గర కాపలా కూడా ఉండదు. ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. చిత్రమేమిటంటే మొదట కలిగింది కోపం కాదు. ఒక పాత సుఖం. మళ్ళీ ఎవరో తన చేతులు కట్టేశారు. ఇక ఏది జరిగినా విచారణలో సరైనదేనని రాస్తారు. ఆ సుఖాన్ని గుర్తుపట్టగానే ఆయనకు తన మీద అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన కాళ్ళు కదలలేదు.

అడుగుల చప్పుడయింది. ఎలిశబెతు హాల్లోకి వచ్చింది. వెనక, పటాలు కొన్న కాన్సులేటు సాంస్కృతిక కార్యదర్శి హాల్బర్గ్, పొడుగాటి మనిషి, తెల్ల సూటు. ఆయన వెనక చేతులు జేబుల్లో పెట్టుకున్న డ్రైవరు. ఆ డ్రైవరు కళ్ళు మొదటి రోజు నుంచీ ఎలిశబెతు చేతుల మీదనుంచి కదలడం లేదు. హాల్బర్గ్ ఆరో పటాన్ని దగ్గరగా చూసి తృప్తిగా తల ఆడించాడు. పెట్టె మీద తన సంతకమున్న చీటీ అంటించాడు. దాని మీద మూత బిగించడమే తరువాయి.

ఎలిశబెతు నల్లద్దాలు తీసింది. మొదటి రోజు సంకేతవాక్యం చెప్పుకున్న తరవాత ఆవిడ ఆయనతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. తవుడు వాసన పోలేదే అని ఆవిడ అనాలి, గోడలు తాగేశాయి అని ఆయన అనాలి. అన్నారు. అంతే. ఇప్పుడు దగ్గరికి వచ్చి తెలుగులో, విసుక్కుంటున్నట్టే అన్నది:

"మేస్త్రీ, ఎగ్జిబిషన్‌కు ముందురోజు వేసిన బొమ్మ ఇది. నూనె రంగు ముద్దగా పెట్టాను, ఇంకా ఆరలేదు. కాగితం చుట్టకండి. చెయ్యి తగలనివ్వకండి."

"అట్లేనమ్మా."

"మిమ్మల్ని చూస్తే నాకు అసూయ," అన్నది, ఇంకా విసుగుగానే. "మీ చేతుల వంక ఎవరూ చూడరు."

ఆవిడ వెళ్ళిపోయింది. ఏ సగం మాట్లాడిందో ఆయనకు తెలియలేదు. పని పాడు చెయ్యవద్దని యజమానురాలు చేసిన హెచ్చరికా? లేక ముసలివాడు నాయనా అని పిలిపించుకుని ఇచ్చినదాన్ని అమ్మలేక పడుతున్న బాధా? తలుపులోంచి చూస్తే, ఆవిడ కాఫీబల్ల దగ్గర హాల్బర్గ్ ఎదుట నిలబడి సిగరెట్టుకు నిప్పు అడుగుతున్నది. అగ్గిపుల్ల గాలికి ఆరిపోయింది. రెండోది కూడా ఆరింది. డ్రైవరు ఆవిడ వేళ్ళనే చూస్తున్నాడు.

బయట వ్యాను వచ్చి ఆగింది. గడియారంలో నాలుగుకు నాలుగు నిమిషాలు తక్కువ.

పద్మనాభయ్య మూత ఎత్తి పెట్టెకు ఆనించాడు. పటం వెల్లకిలా పడుకుని ఉంది. తడి రంగు వాసన తవుడు వాసనను మింగేస్తున్నది. మొండి తాడి వెనక నిటారుగా పొగగొట్టం. దాని పక్కన, చిటికెనవేలి దూరంలో, తల ఉన్న తాడి. ఆ తల ఎంత మందంగా పెట్టిందో, ముద్దపచ్చగా, వెన్నలా ఉంది.

తాకితే సర్వీసు పోవచ్చు. పటం పాడయిందని హాల్బర్గ్ అరిస్తే లోకం ముందు దొంగ తనే. చీఫ్ తన పేరే తెలియదంటాడు. ఇవన్నీ ఆయనకు స్పష్టంగా తెలుసు. చెయ్యి పటం మీదికి పోవడం కూడా చూస్తున్నాడు, ఎవరి చెయ్యినో చూస్తున్నట్టు. పన్నెండు అడుగులు. పది. ముత్యాలయ్య పండు వలుస్తున్నాడు. ఎనిమిది. బయట మూడో అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

ఆయన బొటనవేలు పచ్చటి తల మీద ఆనించి, ఎడమవైపుకు మెల్లగా లాగాడు. తల కదిలింది. ఒక చెట్టు మీదనుంచి జారి మొండిదాని మీదికి వచ్చి కూర్చుంది. అది కదిలిన చోట అడుగున ఉన్న బూడిదరంగు ఆకాశం బయటపడింది, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. ఇప్పుడు పొగగొట్టం తలతాడి మీద నిలబడి ఉంది. పేరమ్మ లెక్కన అది ఇసకమేట మీదికి దోవ. హజరత్తయ్య చెప్పినట్టు, ఇది బొటనవేలితో వేసిన బొమ్మలాగే ఉంది.

మూత పెట్టి నాలుగు మూలలా మేకులు కొట్టాడు. వేలి పచ్చను లుంగీ అంచుకు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏజెంట్ పదిహేడు పైవాళ్ళ ఆర్డరు మీరింది మొత్తం మీద ఒకటిన్నర అంగుళం.