పలుకుతెర నేర్చుకున్న యాస

బిగించిన పదకొండో రోజు పొద్దున్న ఏడు గంటలకు, దుకాణం వాళ్ళు చెప్పిన వేళకే, హాలు గోడ మీది పలుకుతెర మొదటిసారి నోరు విప్పింది. ఆదివారం కావడంతో ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. ఓదెలు చాయ్ గ్లాసు పట్టుకుని కుర్చీలో సర్దుకున్నాడు. కూతురు మంజరి జడ అల్లుకుంటూ వచ్చి వెనకాల నిలబడింది. దాలమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో ఆగింది. తెర మీద వాతావరణం చెప్పే అమ్మాయి కనిపించి, నవ్వి, మొదలుపెట్టింది.

“మజ్జానం నుంచి వాన పడీసీలాగుందండి. బట్టలేవైనా బయటుంటే లోనెట్టీసుకోండి. పిల్లగుంటల్ని ఎక్కడికైనా పంపితే గొడుగులిచ్చి పంపండి. తడిసిపోనాక మరేటి సేస్తాం.”

ఓదెలు గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మంజరికి నవ్వాగలేదు. దాలమ్మ మాత్రం నవ్వలేదు. చేతులు ఎప్పుడో ఆరిపోయినా కొంగుతో తుడుస్తూనే ఉంది.

ఆ కాలానికి వార్తలూ సీరియళ్ళూ క్రికెట్టూ మాటలుగా రావడం మానేసి చాలా ఏళ్ళయింది. స్టేషన్ నుంచి వచ్చేది బొమ్మా, భావమూ మాత్రమే. దాన్ని ఏ ఇంటికి ఆ ఇంటి మాటల్లో పలికించడం, ఆ మాటలకు తగ్గట్టు పెదవులు కదిలించడం గోడ మీది తెర పని. కొత్త తెర బిగించాక పది రోజులు అది మూగగా ఉంటుంది. అంచునున్న చెవిపట్టీతో ఇంట్లో వినబడే మాటలన్నీ వింటుంది. విషయం వదిలేసి యాస మాత్రం పట్టుకుంటుంది. ఏది ఎక్కువగా వినబడితే దాన్నే ఇంటినుడిగా ఖాయం చేసుకుంటుంది. హన్మకొండలో సాయంత్రం పూట నడిచి వెళితే ఒకే వార్త గడప గడపకీ ఒక్కో తీరున వినబడేది. జనం ఈ సుఖానికి ఎంత మరిగారంటే, పక్క జిల్లా మనిషి నోరు విప్పితే బొత్తిగా అర్థం కానట్టు మొహం పెట్టేవారు.

ఈ తెర ఎంచుకోవడానికి ఆ ఇంటివాళ్ళు అంతకుముందు ఒక పూటంతా చౌరస్తాలోని దుకాణంలో తగలేశారు. అక్కడ రెండు రకాలున్నాయి. అచ్చుతెర అందరికీ ఒకే పుస్తకాల భాష మాట్లాడుతుంది, పలుకుతెర ఎవరి భాష వాళ్ళకి మాట్లాడుతుంది. మంజరి గోడకు సరిపోయే కొలత చూసుకుంది. ముప్పై అయిదేళ్ళుగా మిల్లులో మగ్గాల మోత మధ్య పనిచేస్తూ చెవులు కాస్త మందగించిన ఓదెలు, శబ్దం ఎంత స్పష్టంగా ఉందో చూసుకున్నాడు. నీకేది నచ్చిందని దాలమ్మను అడిగితే, కిటికీలోంచి ఎండ కొడితే బొమ్మ కనబడుతుందా అని మాత్రం అడిగింది. అది ఏ భాష మాట్లాడితే తనకేమిటి అనుకుంది పాపం.

“గిదేం మాట? ఎవరింట్లనో పెట్టిన దాన్ని తెచ్చి మనకు అంటగట్టిండ్రు,” అన్నాడు ఓదెలు, చాయ్ గ్లాసు కింద పెడుతూ.

“శ్రీకాకుళం దిక్కు మాట లెక్కున్నది బాపు. అమ్మోళ్ళ దిక్కుది. అమ్మా, నీకు సమజైతాంది గదా?”

“ఏమో బిడ్డ. ఎన్నేండ్లాయె, యాదికి లేదు,” అంది దాలమ్మ, హన్మకొండలో పుట్టి పెరిగినదానిలాగా.

ఓదెలు దుకాణానికి కబురు పెట్టాడు. తప్పు నేర్చిన తెరను, అది నేర్చిందంతా తుడిచేసి పట్టుకుపోయి, దాని బదులు అచ్చుతెర బిగిస్తామని, మనిషి పదకొండింటికి వస్తుందని జవాబు వచ్చింది.

దాలమ్మ వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టింది. హాల్లో క్రికెట్ మొదలైంది. “బంతి సూడకుండా బేటు ఊపీసినాడు. ఎలిపోనాడు. మరేటి సేస్తాడు, ఎలిపోక,” అంటోంది తెర. మంజరి పడీ పడీ నవ్వుతోంది. దాలమ్మకు ఆట అర్థం కాదు, అయినా ఒక్క మాట కూడా వదలకుండా వింది. అచ్చం వాళ్ళ నాయన అలాగే అనేవాడు. ఎవరు ఏ పనిలో బోల్తా పడినా, ఎలిపోనాడు, మరేటి సేస్తాడు అని తేల్చేసేవాడు. ఇక్కడికి వచ్చాక ఈ గోడల మధ్య ఆ మాట ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు. పదకొండింటికి దాన్ని తుడిచేస్తారు.

తుడవొద్దని చెప్పాలంటే, అది ఎక్కడ నేర్చుకుందో కూడా చెప్పాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ముప్పై మూడేళ్ళ క్రితం ఆమె మిల్లులో దారం చుట్టే పనికి వచ్చింది. ఓదెలును అక్కడే చూసింది, అక్కడే ఇష్టపడింది, ఇంట్లోవాళ్ళను ఒప్పించి పెళ్ళి చేసుకుంది. పెళ్ళైన మూడో రోజు, చుట్టాలంతా కూర్చుని ఉండగా అత్తగారిని, “ఏటి సెయ్యమంటావత్తా?” అని అడిగింది. ఇల్లంతా గొల్లున నవ్వింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఆ తర్వాత నెలల తరబడి ముద్దుగానే ఆ మాట అనుకరించారు. దాలమ్మ మాత్రం ఆ రోజే మాటకు తాళం వేసేసింది. ఏడాది తిరక్కుండా వాళ్ళ మాట ఎంత బాగా పట్టుకుందంటే, అంగట్లో కూరలమ్మేవాళ్ళు ఆమెది ఏ ఊరని అడగడం మానేశారు. తల్లితో ఫోన్ మాట్లాడాలంటే మేడ మీదికి పోయేది. పదకొండేళ్ళ క్రితం తల్లి పోయింది. మేడ ఎక్కే పని కూడా లేకుండా పోయింది.

సరిగ్గా పదకొండింటికి నజీమా వచ్చింది. దుకాణం తరఫున తెరలు బిగించే మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. తెర నేర్చిన లెక్కలు చూపే తన పలకను చెవిపట్టీకి తగిలించి చాలాసేపు చూసింది.

“తప్పేం లేదు సార్. కొత్త తెరనే ఇది. పది దినాలల్ల ఈ ఇంట్ల ఇనబడ్డ మాటల్ల మూడొంతులు గీ యాసనే.”

“మా ఇంట్లనా? ఎవరు మాట్లాడిండ్రు?”

“ఎవరి గొంతో నాకు తెలువది సార్. తెలిసినా చెప్పెటందుకు నాకు హక్కు లేదు. వద్దనుకుంటే చెప్పుండ్రి, ఇప్పుడే తుడిచేస్త.”

ఆ ఇంట్లో మాటలు ఎంత తక్కువో ఓదెలుకు అప్పుడు గాని తట్టలేదు. మిల్లు మోతలో చేతి సైగలతో బతికిన మనిషి, ఇంటికొచ్చినా సైగలతోనే గడిపేస్తాడు. మంజరి మెడకు ఎప్పుడూ గొంతుపట్టీ ఉంటుంది. లోపల అనుకున్న మాటను గొంతు దాటకముందే పట్టుకుని, ఆఫీసు వాళ్ళకూ స్నేహితులకూ చేరవేసే సాధనం అది. ఆ పిల్ల రోజంతా మాట్లాడినా పక్కవాళ్ళకు వినబడదు. ఇక మిగిలింది ఎవరో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఓదెలు వంటింటి వైపు చూశాడు.

నజీమా వేలు పలక మీదికి వెళ్ళింది.

“తుడవకు బిడ్డ,” అంది దాలమ్మ. “అది నా మాటనే.”

నజీమా వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత మంజరి మెల్లగా అడిగింది. “పగటీలి ఇంట్ల ఎవ్వరం ఉండం గదమ్మా. ఎవలతోని మాట్లాడినవ్?”

“గిన్నెలతోని,” అంది దాలమ్మ. సిగ్గుతో మొహం కందిపోయింది. “గిన్నెలతోని, బియ్యంతోని, బట్టలతోని. మా అమ్మ పోయినంక షురూ అయింది. పిచ్చి లేదు బిడ్డ నాకు. ఊకె అట్ల మాట్లాడుకుంట పని చేసుకుంట.”

ఓదెలు కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. “నాతోని మాట్లాడకపోయినవా?”

“అత్తనడిగిన నాడు నువ్వు గూడ నవ్వినవ్. అందరు నవ్వితె ఊకున్న. నువ్వు నవ్వితె పాణం సచ్చినట్టయింది.”

ఓదెలుకు ఆ రోజు గుర్తుంది. తాను నవ్వాడు, నిజమే. “నేను నవ్వింది ఎక్కిరిచ్చెటందుకు కాదే దాలమ్మ. క్యాంటీన్ల మొదటి దినం నువ్వేమన్నవ్? ఇదేటి, పప్పా, పసుపునీళ్ళా అన్నవ్. ఆ ‘ఏటి’ ఇంకోపారి ఇందామనే రోజు నీ బల్ల కాడికొచ్చి కూసునేటోన్ని. లగ్గమైనంక నువ్వే బంద్ చేసినవ్. మా మాట నీకు నచ్చింది గావచ్చనుకున్న.”

ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. ఆమె అడగలేదు, అతనూ అడగలేదు. ముప్పై మూడేళ్ళు అలా గడిచిపోయాయని తలచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

“మాట్లాడమ్మా. ఏదన్న ఒక్కటి,” అంది మంజరి.

దాలమ్మ నోరు తెరిచింది. “ఏం మాట్లాడాలె?” అని వచ్చింది. తల అడ్డంగా ఊపి మళ్ళీ ప్రయత్నించింది. “నాకు వస్తలేదు బిడ్డ,” అని వచ్చింది. ముగ్గురు మనుషులు తన మొహంలోకి చూస్తుంటే నాలుక హన్మకొండ దాటి అడుగు వేయనంది. గిన్నెల ముందు అంత ధారాళంగా వచ్చే మాట, కన్న కూతురి ముందు రాలేదు.

తెర ఉండిపోయింది. నజీమా వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది. “ఒక్క ముచ్చటమ్మా. ఇది వారం వారం మళ్ళ ఇని సవరించుకుంటది. దీని మాట ఇది లెక్క పెట్టుకోదు, మీ నోట్ల ఇనబడ్డన్ని దినాలే ఆ యాస దీంట్ల నిలుస్తది.”

ఆ వారం దాలమ్మ బతుకు పండగలాగే గడిచింది. పని తొందరగా తెముల్చుకుని తెర ముందు కూర్చునేది. వార్తలు విన్నది, వంటలు విన్నది, ఎక్కడో ఎడారిలో ఒంటెల గురించి కూడా విన్నది. అన్నీ వాళ్ళ అమ్మ అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉన్నాయి. చెప్పేవాళ్ళు దొరికాక ఇక గిన్నెలతో పనేముంది? పొద్దున్న లేచింది మొదలు వింటూ, నవ్వుకుంటూ, నోరు మాత్రం మెదపలేదు. ఆ సంగతి ఆమెకే తెలియలేదు. మూడొంతుల మాటలు ఆమెవే అయిన ఇంట్లో ఆమె చెవులు మాత్రమే మిగిలాయి.

మళ్ళీ ఆదివారం వచ్చింది. వాతావరణం చెప్పే అమ్మాయి నవ్వి మొదలుపెట్టింది.

“పొద్దుమీకి వాన పడేటట్టున్నది. బట్టలు బయటుంటే లోనెట్టీసుకోండి. పిల్లలకు జర గొడుగులిచ్చి పంపుండ్రి.”

దాలమ్మ చెవులు రిక్కించి వింది. పది మాటలకు ఒక మాట తనది మిగిలింది. వచ్చే వారానికి అదీ ఉండదు. ఎవరి మీద కోపగించాలో తెలియక లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

తెర నోరు ఎవరో నొక్కేసినట్టు హాల్లో చప్పుడు ఆగిపోయింది. ఓదెలు వంటింట్లోకి వచ్చాడు. ఒక చేతిలో పళ్ళెం, పళ్ళెంలో వెల్లుల్లిపాయలు. అతను వంటింట్లో కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. గట్టు కింద, బోర్లించిన గిన్నెల వరస పక్కన చతికిలబడి, ఆమెకు వీపు పెట్టి గోడ వైపు తిరిగాడు.

“ఏందిది?” అంది దాలమ్మ.

“నేను లేననుకో. వరసల ఇంకో గిన్నె పెట్టిండ్రనుకో.”

“నీకేమన్న పిచ్చి లేసిందా?”

ఓదెలు జవాబు చెప్పలేదు. గిన్నెలు జవాబు చెప్పవు కదా. ఒక్కొక్క రెబ్బే తీసి ఒలవసాగాడు. ఆ పని బొత్తిగా చేతకాదు, గోళ్ళు నొప్పి పుడుతున్నట్టున్నాయి. దాలమ్మ అతని వీపు వైపు, నెరిసిన మెడ వైపు చాలాసేపు చూసింది. తర్వాత బియ్యం పొయ్యి మీద పెట్టింది. మూత పెట్టింది. పోపు డబ్బా తీసింది. అన్నం కుతకుత ఉడికి, మూత ఎగిరి, గంజి పొయ్యి మీదికి పొంగింది.

“ఒలె ఒలె, ఆగే,” అంది దాలమ్మ మూత లాగుతూ. “ఏటంత తొందర నీకు? ఎక్కడికెల్లాలని? రోజూ ఇదే గోల. నీకెన్నిసార్లు సెప్పాలి?”

ఓదెలు చేతులు ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి, ఇదివరకటి కంటే మెల్లగా.

ఆమె మంట తగ్గించింది. గంజి తుడిచింది. గుడ్డ పిండుతూ పిండుతూ కింద చూసింది. వెల్లుల్లి పొట్టు అతని మోకాళ్ళ చుట్టూ నేలంతా పరుచుకుని ఉంది.

“ఆ పొట్టు ఇల్లంతా సిందర వందర సేసీసినావేటి? ఇటిచ్చీ ఆ పళ్ళెం. నానొలుస్తాను.”

అన్నది గిన్నెతో కాదని ఆమె ఇంకా గమనించలేదు. ఓదెలు తల తిప్పలేదు. తిప్పితే ఎక్కడ ఆగిపోతుందోనని అతని భయం. కళ్ళు నిండిపోయి ఏమీ కనబడకపోయినా, గోడ వైపే చూస్తూ, పళ్ళేన్ని భుజం మీదుగా వెనక్కి అందించాడు.