తడి ఆరని గోడ

మున్సిపాలిటీ గోడలకు వెల్ల వేయడం నా ఉద్యోగం. అల్లర్లు మొదలయ్యాక పని పెరిగింది. చీకట్లో ఎవరో ఎర్రరంగుతో రాసి పోతారు, తెల్లారాక మేం చెరిపేస్తాం. ఒకరకంగా మా ఉద్యోగాలు నిలబెడుతున్నది వాళ్ళే.

తమ్ముడు ఇంటికి రాక పంతొమ్మిది రోజులైంది. ఊరేగింపుకని వెళ్ళాడు, అంతే. కానీ బస్సు డిపో గోడ మీద రోజూ ఒకటే రాత: 'మా వాళ్ళెక్కడ?' తలకట్లు ఎడమకి వాలి ఉండటం చూసి మొదటి రోజే పోల్చుకున్నాను. షాపులకు బోర్డులు రాసే రోజుల్లో వాడికి కుంచె పట్టడం నేర్పింది నేనే. చెరిపేముందు ఒక అక్షరాన్ని వేలితో తాకేవాణ్ణి. తడిగా ఉండేది. అంటే వాడు బతికే ఉన్నాడు. ఎర్రబడ్డ ఆ వేలు చూస్తేగాని అమ్మ ముద్ద ముట్టేది కాదు.

ఇవాళ పొద్దున గోడ చెరిపి వచ్చేసరికి ఆసుపత్రి నుంచి కబురు, గుర్తుతెలియని శవాలున్నాయి, వచ్చి చూసుకోమని. శవాల గదిలో గుమాస్తా గుడ్డ తొలగించాడు. తమ్ముడే.

"ఎప్పుడు?" అన్నాను.

"తెచ్చి పంతొమ్మిది రోజులైందండీ. ఎవరో ఏమిటో తెలీక ఉంచేశాం. ఇవి అతనివే, సంతకం పెట్టండి."

చిన్న సంచిలో ఒక చెప్పు, ఒక కుంచె. కుంచెకి రంగు ఎండి రాయిలా బిగుసుకుంది. వెంట్రుకలు ఓ పక్కకి వంగిపోయి ఉన్నాయి. కడిగాక మేకుకి వేలాడదీయరా అంటే వినేవాడు కాదు, మగ్గులో వెంట్రుకల మీదే నిలబెట్టేవాడు. దానికి ఎన్ని తిట్లు తిన్నాడో! ఏడుపు రాలేదు. సంచిని ఆఫీసులో నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

మేస్త్రీ ఎదురొచ్చాడు. "డిపో గోడ మీద మళ్ళీ రాస్తున్నారటయ్యా, పట్టపగలు! కర్ఫ్యూ కదా, వీధిలో నరమానవుడు లేడు. పోయి వెల్ల కొట్టిరా."

వెళ్ళాను. అమ్మకి ఏం చెప్పాలన్నదే బుర్రలో తిరుగుతోంది. గోడంతా ఎండ. టర్పెంటైన్ వాసన. పొద్దున నేను వేసిన తెలుపు మీద 'మా వాళ్ళె' వరకే ఉంది. డబ్బా దించాను. సర్... సర్... కుంచె చప్పుడు. మనిషి లేడు. చెయ్యి లేదు. తర్వాతి అక్షరం మెల్లగా ఎర్రబడుతోంది...

"తమ్ముడూ..." అన్నాను.

చప్పుడు ఆగింది. చెవి పక్కనే, చల్లగా...

"కాస్త ఆగన్నా... అయిపోవచ్చింది."

ఆగాను. ప్రశ్నార్థకం కింద చుక్క కూడా పడింది. ఈసారి చెరపలేదు. ముట్టుకోనూ లేదు.

శుభ్రంగా ఉన్న వేలిని జేబులో దాచుకుని ఇల్లు చేరాను. అమ్మ వేలు చూపించమనలేదు. వంటింట్లో కంచాలు కడుగుతోంది, మొహం తేటగా ఉంది.

"నువ్వేం చూపించక్కర్లేదులేరా," అంది లోగొంతుకతో. "వాడే వచ్చాడు. చేతులు కడుక్కుంటున్నాడు."

స్నానాలగదిలో ఎవరూ లేరు. నేల తడిగా ఉంది. మగ్గులో ఎర్రటి నీళ్ళు... అందులో వెంట్రుకల మీద నిలబెట్టిన కుంచె. పట్టుకుని చూశాను. మెత్తగా ఉంది. బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది.

వంటింట్లోంచి అమ్మ పిలిచింది.

"ఇద్దరూ రండిరా, చల్లారిపోతోంది."