బుడే పాయింట్లు

గుంటూరు బైపాస్ పక్కనున్న ఆ కోల్డ్ స్టోరేజీలో మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. పొద్దుటి నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసిన ముఠా కూలీలు ముక్కుకి కట్టుకున్న తువ్వాళ్ళు విప్పి, ఎంత కడిగినా చల్లారని చేతులతోనే అన్నం కలుపుకుంటారు. తోమా మాత్రం చెంచాతో తింటాడు. బస్తాల మీద లాట్ నంబర్లు వేయడం వాడి పని. ఎడమచేతిలో చెంచా, కుడిచేతిలో ఫోను. "వీడికి పెళ్ళెందుకురా, ఆ ఫోనుతో కాపురం చేస్తుంటేనూ!" అని ముఠా మేస్త్రి మీరా హుస్సేన్ రోజూ అనేవాడు, అందరూ రోజూ నవ్వేవాళ్ళు.

ఇప్పుడు ఆ మాట ఎవరూ అనడం లేదు. వాడి పక్కన ఇంకో ఫోను పట్టుకుని కూర్చునే బుడే చనిపోయి నెల దాటింది.

వాళ్ళిద్దరూ ఆడే ఆట రణస్థలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తుపాకులతో తేల్చుకోవాలి. గెలిస్తే ఓడినవాడి పాయింట్లలోంచి కొన్ని మనకొస్తాయి. మనకంటే పెద్దవాణ్ణి కొడితే బోలెడు, చిన్నవాణ్ణి కొడితే చిల్లర. చిన్నవాడి చేతిలో ఓడామా, కొంప మునిగినట్టే. పాయింట్లని బట్టి కంచు, వెండి, బంగారం, వజ్రం, అన్నిటికీ పైన శిఖరం. ఎవరికి ఎవరు జోడో ఆటే చూసుకుంటుంది. మన స్థాయికి దగ్గరగా ఉన్నవాణ్ణి వెతికి తెచ్చి ఎదురుగా నిలబెడుతుంది. శిఖరం ఎక్కినవాడు ఆడకుండా కూర్చుంటే పాయింట్లు వాటంతటవే తరిగిపోతాయి. ఇంత న్యాయం ఊళ్ళో ఏ పంచాయితీలోనూ జరగదని బుడే మురిసిపోయేవాడు.

ఆ న్యాయానికి కన్నం వేసింది తోమాయే.

విజయవాడలో ఈ ఆట పోటీలకి వెళ్ళే ఒక టీమువాళ్ళు శిఖరం మీదున్న కుర్రాళ్ళని తీసుకుంటామన్నారు. వీళ్ళిద్దరూ వజ్రం దాటలేక కొట్టుమిట్టాడుతున్నారు. అంత పైన ఆడేవాళ్ళే తక్కువ, మిట్టమధ్యాహ్నం మరీ తక్కువ. ఆ వేళలో ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కితే, ఆట ఇంకెవరూ దొరక్క వీళ్ళనే ఎదురెదురుగా పెట్టేది.

"ముందు నువ్వు ఓడిపోయి నన్ను ఎక్కించరా. పైకెళ్ళాక నేను ఓడిపోయి నీ పాయింట్లు నీకిచ్చేస్తా," అన్నాడు తోమా.

"ముందు నేనెక్కితే ఏం?"

"ఎవరైతే ఏంట్రా, మనలో మనకి!"

బుడే నవ్వేసి ఒప్పుకున్నాడు. ఆటలో తుపాకీ దించేసి చేతులు వేలాడేసి నిలబడేవాడు. తోమా కాల్చేవాడు. మజ్జిగన్నం తింటూ, కబుర్లు చెప్పుకుంటూ.

తోమా శిఖరం ఎక్కాడు. టీముకి ఎంపికయ్యాడు. బుడే జారిజారి బంగారంలో పడ్డాడు. తీరా తిరిగిచ్చే వేళకి తోమాకి గుబులు పట్టుకుంది. టీమువాళ్ళు చూస్తుంటారేమో, ఒక్క మెట్టు దిగినా వద్దంటారేమో. రేపన్నాడు. ఎల్లుండన్నాడు. చివరికి బుడే నంబరు బ్లాక్ చేసి, పని కూడా వేరే షిఫ్టుకి మార్చుకున్నాడు.

బుడే తన పాటికి తను ఎక్కడం మొదలుపెట్టాడు. రాత్రంతా ఆట, పగలంతా మోత. ఒక తెల్లవారుజామున చిలకలూరిపేట రోడ్డులో ఆగి ఉన్న పత్తి లారీని బండితో గుద్దేశాడు. నిద్రమత్తు అన్నారందరూ. ఆ నిద్ర ఎవరి వల్ల కరువైందో తోమా ఒక్కడికే తెలుసు. తెలిసి కూడా అందరితో పాటు జనాజా వెనక నడిచాడు, అందరితో పాటు మట్టి వేశాడు. ఇంటికొచ్చి ఆడుకున్నాడు కూడా. అది తల్చుకుంటేనే వాడికి ఒంటి మీద చర్మం ఒలిచేసుకోవాలనిపిస్తుంది.

బుడే పోయాక తోమా పాత షిఫ్టుకే వచ్చేశాడు. విజయవాడ ప్రయాణం ఇంకో వారముందనగా, పాయింట్లు తరిగిపోకుండా ఒక ఆట ఆడదామని భోజనాల దగ్గర బటన్ నొక్కాడు. ప్రత్యర్థి దొరికాడు. పేరు చూసి తోమా చెంచా కింద పెట్టేశాడు.

అది బుడే పేరు. శిఖరం మీద, తోమాకి సరిగ్గా ఒక్క మెట్టు కింద.

ఎదురుగా బొమ్మ తుపాకీ దించింది. చేతులు వేలాడేసి నిలబడింది.

తోమా ఫోను ఆపేసి, సాయంత్రం తిన్నగా బుడే ఇంటికి వెళ్ళాడు. వాడి తల్లి జైతున్‌బీ వాకిట్లో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"అమ్మా, బుడే ఫోను ఎవరన్నా వాడుతున్నారా?"

"ఎవరు వాడతారు నాయనా! ముక్కలైపోయిందిగా. పారెయ్యలేక పెట్టెలో పెట్టుకున్నా," అంది. తర్వాత చేతిలో కాయ పక్కన పెట్టి, "తోమా నాకోటి ఇవ్వాలి, ఇస్తాడులే అంటుండేవాడు. ఏంటయ్యా అది?" అని అడిగింది.

"ఏమో అమ్మా. నాకు తెలీదు," అన్నాడు తోమా.

ఆమె మళ్ళీ అడగలేదు. టీ తాగి వెళ్ళమంది. తాగి వచ్చేశాడు.

మర్నాడు మళ్ళీ ఆ పేరే వచ్చింది. ఈసారి తోమాయే తుపాకీ దించి నిలబడ్డాడు. కాల్చుకోనీ, పాయింట్లు పట్టుకుపోనీ, పీడా వదులుతుంది అనుకున్నాడు. బుడే బొమ్మ కాసేపు చూసింది. మెల్లగా కొండ అంచుదాకా నడిచి, తనంతట తనే దూకేసింది. తోమా గెలిచినట్టు తెర మెరిసింది. పాయింట్లు పెరిగాయి.

ఆ తర్వాత రోజూ అదే వరస. వీడు ఓడాలని చూస్తాడు, వాడు ముందే చచ్చిపోతాడు. తెల్లారేసరికి మళ్ళీ ఒక్క మెట్టు కిందే ఉంటాడు. ఇక భరించలేక తోమా తన ఖాతా మొత్తం తీసేశాడు. శిఖరం పోయింది. ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. టీము నుంచి ఫోనొచ్చింది. "కొత్త ఖాతాతో మొదలుపెట్టు తమ్ముడూ. నీ చేయి మాకు తెలుసు, నెల టైమిస్తాం," అన్నారు. తోమాకి ప్రాణం లేచొచ్చింది. కొత్త ఖాతా అంటే కంచులో, అట్టడుగున మొదలు. అక్కడ లక్షలమంది ఉంటారు. శిఖరం మీదున్నవాడు తనకి తగలడు. పేరు కూడా ఏవో అంకెలు పెట్టాడు.

మధ్యాహ్నం, మండే ఎండలో, షెడ్డు పక్కన నిలబడి నొక్కాడు. ఆట వెతికింది. చాలాసేపు వెతికింది.

బుడే.

తోమా పరుగెత్తాడు. ఎటో తెలీలేదు. ఎదురుగా కనిపించిన మూడో నంబరు చాంబర్లోకి దూరి తలుపు లాక్కున్నాడు. ఆ మందపాటి గోడల మధ్య సిగ్నల్ అందదు. ఆట తెగిపోతుంది.

లోపల చిమ్మచీకటి. కప్పు దాకా బస్తాలు. చలి, ఆ చలిలోనూ గొంతు పట్టుకునే మిర్చి ఘాటు. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. ఫోను చూశాడు. సిగ్నల్ గీతలు ఒక్కటి కూడా లేవు.

ఆట ఆగలేదు...

తుపాకీ దించిన బొమ్మ అలాగే చూస్తోంది. ఫోను స్పీకర్లో ఊపిరి వినిపించింది. అన్నం నములుతూ మాట్లాడినట్టు, తీరిగ్గా...

"ఒరేయ్ తోమా... ఈసారి ఎవర్రా ఓడేది?"

తోమా బస్తాల పక్కన కూలబడిపోయాడు. ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరా అనని మాట నోటికొచ్చింది.

"నేనేరా... నాదే తప్పు. ఆశకి పోయాను. నేనే ఓడాలి. కాల్చెయ్యరా..."

"నిజంగానా?"

"నిజం..."

తుపాకీ లేచింది. మెల్లగా... మొట్టమొదటిసారి.

చప్పుడు చిన్నదే. తెర మీద తోమా బొమ్మ గుండెకి దెబ్బ తగిలి పడిపోయింది. ఆట ముగిసింది. పాయింట్లు బుడేకి చేరాయి. చాంబర్లో నీటిబొట్టు తప్ప ఏమీ వినిపించలేదు.

అయిపోయింది. తోమా పడుతూ లేస్తూ బయటికొచ్చాడు. ఎండ తగిలితే పుట్టి పెరిగిన ఊరికి వచ్చినట్టుంది. మీరా హుస్సేన్ కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏరా, లోపలేం చేస్తున్నావు? ఆ చేతులతో మొహం తుడుచుకోకు, మంటెక్కి చస్తావ్!"

అప్పటికే ఆలస్యమైంది. మిర్చి పొడి అంటిన చేతులతో మొహం, మెడ, ఛాతీ అన్నీ తుడిచేసుకున్నాడు. ఒళ్ళంతా భగ్గుమంది. ఆ మంట కూడా వాడికి హాయిగానే ఉంది, బతికున్నట్టు తెలుస్తోంది.

ఒక్క చోట తప్ప.

చొక్కా గుండీ విప్పి చూసుకున్నాడు. గుండె మీద శనగగింజంత మేర మంట లేదు. వేలితో నొక్కాడు. గోరుతో గిచ్చాడు. అక్కడ వేలు తగిలినట్టే తెలియలేదు. ఆ కాస్త చర్మం చాంబర్లో బస్తాలా చల్లగా ఉంది.

జేబులో ఫోను వణికింది. తర్వాతి ఆటకి ప్రత్యర్థి సిద్ధంగా ఉన్నాడట, మళ్ళీ ఆ పేరే.

ఆ మధ్యాహ్నాల్లో బుడేని మొత్తం ఎన్నిసార్లు కాల్చాడో గుర్తు చేసుకోవాలని చూశాడు తోమా. అన్నం తింటూ, నవ్వుకుంటూ కాల్చిన ఆటలు. అప్పుడు లెక్క పెట్టుకోలేదు.